ఇంటి చరిత్రము

మన భాషయందు రాజుల చరిత్రములు గలవు; కవుల చరిత్రములు గలవు; క్షేత్రమాహాత్మ్యములు లెక్కకు మించియున్నవి. సామాన్యగృహస్థుని యింటి చరిత్రము మాత్ర మరుదు. తాతకుఁ దండ్రి యెవరని యడిగినచోఁ జెప్పఁగలవారు పలువు రుందురు. ఆ తాతకుఁ దల్లి యే యూరి యాఁడుపడుచని యడిగినచో నుత్తరము చెప్పువారు కనఁబడరు. రాజు దండయాత్రకు వెడలిన తిథివారములను శాసనములనుండి శ్రమపడి వెలికిఁదీయుచున్నాము. ఆ దండయాత్రకుఁ బన్ను చెల్లించిన కాఁపు పేరు మన కక్కఱలేదు. దేశచరిత్రము పన్ను గట్టినవారిది కూడ నని యొప్పుకొన్నయెడల దాని కాధారములను గోటలయందే కాక యిండ్లయందును వెదకవలసియున్నది.

ఇట్టి వెదకులాటకు మాకు దొరకిన యవకాశము కోరి తెచ్చుకొనఁదగినది కాదు. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ యుగాది. శార్వరినామసంవత్సరము ప్రవేశించిన యా దినముననే కరోనా మహమ్మారిని నిలువరించుటకై దేశమంతట లాక్‌డౌన్ మొదలైనది. శార్వరి యనఁగా రాత్రి. మొదట నిరువదియొక్క దినము లనిన నిర్బంధము పలుమాఱులు పొడిగింపఁబడి మే నెల 31వ తేదీదాఁక సాగినది. పాఠశాలలు మూఁతపడినవి. ఏలూరు వీథులలోఁ గూరగాయల బండి వచ్చు గంటయే సంత. సాయంకాలమున దూరదర్శనమువారు మరల వేయుచున్న రామాయణమునకు ముసలివారును బిల్లలును నొక్కచోటఁ గూర్చుండిరి. ఉపాధ్యాయులమగు మాకుఁ బాఠములు లేవు. మేము మా యింటి పాతపెట్టెను దింపి, వారమునకొక క్రమ మేర్పఱచుకొని, కుటుంబచరిత్రమును వ్రాయఁ బూనితిమి. ఆ క్రమమును, అందువలనఁ దేలిన విషయములును బాఠకులకు నుపయోగింపవచ్చునను తలంపుతో నిట వివరించుచున్నాము.

సోమవారము దస్త్రములకు. పెట్టెలోని కాగితములలో నధికభాగము భూమికి సంబంధించినవి. 1858వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము ఇనాము కమీషను నియమించి, ఇనాముభూము లనుభవించువారి హక్కులను విచారించి పట్టాల నిప్పించెను. ఆ విచారణ పట్టికలలో దానమిచ్చిన దెవరు, తొలుత గ్రహించిన దెవరు, అప్పటి యనుభవదారుని పేరేమి, వయస్సెంత యను వివరములు గలవు. వయస్సు వ్రాయుట వలన మూఁడునాలుగు తరముల వెనుకటి మనుష్యుని జన్మకాలము మనకుఁ దెలియుచున్నది.

కాగితము దొరకినంతనే కాలము దొరకినట్లు కాదు. కరణములు ఫసలీ లెక్కను వ్రాసిరి. గృహస్థులు ప్రభవాదిసంవత్సరముల పేళ్ళు వ్రాసిరి. ఫసలీకి 590 కలిపినచోఁ గ్రీస్తుశకము వచ్చును. జూలై 1వ తేదీన సంవత్సరము మాఱుటను గుర్తుంచుకొనవలెను. సంవత్సరనామము లఱువదియేండ్ల కొకసారి తిరిగి వచ్చునవి. ‘శార్వరి కార్తికము’ అని మాత్రము వ్రాసియున్న క్రయపత్రము 1900వ సంవత్సరముదియుఁ గావచ్చును, 1960వ సంవత్సరముదియుఁ గావచ్చును. అట్టియెడ సాక్ష్యము స్టాంపు కాగితమే చెప్పును. దానిపై విక్టోరియా రాణి ముఖమున్నచో మొదటిది. మూఁడు సింహముల ముద్రయున్నచో రెండవది. పత్రములోని మాటలనే కాక కాగితమును, సిరాను, ముద్రను గూడఁ జదువవలెననుట చరిత్రకారుని ప్రథమపాఠము.

మంగళవారము పితృతిథుల పట్టికకు. మన యిండ్లలో నెన్నఁడును మఱవఁబడని చారిత్రకవిషయము మరణతిథి. మాసము, పక్షము, తిథి తరతరములుగాఁ దప్పక నిలుచును. సంవత్సరము మాత్రము నిలువదు. ఏటేట శ్రాద్ధము చేయుటకు సంవత్సరముతోఁ బనిలేదు గదా! ధర్మమున కక్కఱయైనంత మేరకే జ్ఞాపకము నిలిచినది. చరిత్రమున కక్కఱయైనది జాఱిపోయినది. మా పట్టికలో ఆశ్వయుజ బహుళమున రెండుతిథు లున్నవి. అవి యన్నదమ్ము లిరువురివి. ఒకదాని ప్రక్క ‘కాళయుక్తి’ అని యున్నది. రెండవదాని ప్రక్క నేమియు లేదు. కాళయుక్తి యనఁగా 1918-19. ఆ యేఁటి యాశ్వయుజ బహుళము అక్టోబరు కడపటి దినములకు సరిపోవును. విషజ్వరమని జనులు చెప్పుకొన్న ఇన్‌ఫ్లుయెంజా మద్రాసు రాజధానిలోఁ జెలరేఁగిన దినములవియే. ఆ వ్యాధి భారతదేశమునఁ గోటికి మించిన ప్రాణములను హరించినది. రెండవ యన్న మరణమును ఆ పక్షముననే జరిగెనని తాడేపల్లిగూడెమునందలి మా బంధువొకరు తన తల్లివలన వినియుండిరి. పది దినముల లోపల నొక యింట రెండు దీపము లాఱిపోయినవి. పట్టికయం దవి రెండు చిన్నతిథులు. నూటరెండేండ్లకు మరల మహమ్మారి వచ్చి, తలుపులు వేసికొని కూర్చున్నప్పుడు గాని మాకు వాని యర్థము బోధపడలేదు.

బుధవారము ప్రభుత్వదస్త్రముల జాడకు. ఇందు నూతనపరిశోధకునకుఁ గలుగు గొప్ప చిక్కు జిల్లాలది. ఏలూరు పూర్వ ముత్తరసర్కారు లైదింటిలో నొకటి. ఆంగ్లకుంపిణీవారి పాలనమున మచిలీపట్టణము జిల్లాలో నుండెను. 1859లో జిల్లాలు మార్చి కూర్చఁబడినప్పుడు గోదావరి జిల్లాలోఁ జేరెను. 1904లోఁ గృష్ణాజిల్లాకు మాఱెను. 1925లోఁ బశ్చిమగోదావరి జిల్లా యేర్పడఁగా దానికిఁ గేంద్రమయ్యెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు తన పేరనే జిల్లాయయ్యెను. తాడేపల్లిగూడెము భీమవరము కేంద్రముగాఁ గల పశ్చిమగోదావరిలో నిలిచెను. కావున నిల్లు కదలకుండ నైదు తరములు కాఁపురమున్న కుటుంబము కాగితములమీఁద నైదు జిల్లాలు తిరిగినది. తాతగారి దస్త్రము పశ్చిమగోదావరిలో దొరకలేదని నిరాశచెందువాఁడు ఆయన కాలమున నా జిల్లాయే లేదని గ్రహింపవలెను.

రెండవ చిక్కు గ్రామదస్త్రములది. కరణము లింట నుంచుకొన్న లెక్కలే గ్రామమునకుఁ జరిత్రము. 1984లో వంశపారంపర్యములైన కరణము మునసబు పదవులు రద్దుచేయఁబడినవి. ఆ సంస్కరణ మవశ్యకమే. గ్రామాధికారము పుట్టుకతో రాఁగూడదు. కాని పదవితోపాటు పాతకాగితములకును విలువ పోయినదని తలఁచిన యిండ్లలో నవి యటకలపైఁ జెదలపాలైనవి. మిగిలినవానిని వానికంటె సులభముగ నేఁడు చూడవచ్చును. మీభూమి యను ప్రభుత్వపు వెబ్‌సైటున నడంగళ్ళు ఇంటనుండియే చదువుటకు వీలున్నది. పాత తెలుఁగుపుస్తకములు, జిల్లా వృత్తాంతములు కంప్యూటరు తెరపైఁ దెఱచుకొనుచున్నవి. లాక్‌డౌన్ దినములలో నెగ్మూరు దస్త్రశాలకుఁ బోవు దారి లేకున్నను మా పని నిలిచిపోకుండుట కిదియే కారణము.

గురువారము వృద్ధులతో సంభాషణకు. పోవుట కుపాయము లేదు గనుక ఫోనే దిక్కు. వృద్ధులకుఁ దేదీలు తెలియవు. కాని వారియొద్దఁ బంచాంగమును మించిన పంచాంగ మున్నది. ‘గోదావరికిఁ బెద్దవరద వచ్చిన యేఁడు’ అందురు. అది 1953వ సంవత్సరపు వరదయా, 1986వ సంవత్సరపు వరదయా యని మన మడుగవలెను. ‘ఉప్పెన వచ్చినప్పుడు చంటిబిడ్డ’ అన్నచో 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెన. తాడేపల్లిగూడెమునందలి వృద్ధురాలు ‘విమానముల బాట వేయునప్పటికిఁ గాఁపురమునకు వచ్చితిని’ అన్నచో రెండవ ప్రపంచయుద్ధకాలమని తెలిసికొనవచ్చును. ఆ బాట నేఁటికిని నున్నది. ఒక్కమాటు చెప్పినదానిని నమ్మక, వేఱొకరిచేఁ జెప్పించి, రెంటిని కాగితముతోఁ బోల్చి చూడవలెను. ప్రేమ వేఱు, ప్రమాణము వేఱు.

మా పూర్వు లొక శాఖవారు కొల్లేటి యొడ్డున నుండిరి. ఆ సరస్సు కృష్ణా గోదావరి నదుల నడుమ నున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు దానిలోఁ బడును. ఉప్పుటేఱు దాని నీటిని సముద్రమునకుఁ గొనిపోవును. వర్షకాలమున నీరు పెరుగుటయు వేసవిలోఁ దగ్గుటయు లంకగ్రామముల వారికి జీవితలక్షణము. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టఁబడి కాలువలు పాఱినపిమ్మట మెట్టయూళ్ళనుండి జనులు డెల్టాకు దిగిరి. కొల్లేటి చుట్టుపట్టుల పొలములు విలువఁ జెందినవి. పిమ్మట 1970వ దశాబ్దమునుండి చేఁపలచెఱువులు వ్యాపించినవి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగఁ బ్రకటింపఁబడినవి. 2002లో రాంసార్ జాబితాలోఁ జేరినది. 2006లో నాక్రమణపు గట్లు తెగఁగొట్టఁబడినవి. ఈ మార్పు లన్నిటిని మా యింటి కాగితము లెఱుఁగును, ఏలన మా వారికిఁ గాగితము లుండెను. తాటిదోనెపై వల వేసికొని బ్రతికిన వడ్డీకుటుంబమున కొక్క కాగితమును లేదు. నీటికిఁ బట్టా యెవరిచ్చిరి? కొల్లేటి చరిత్రములో నెక్కువకాలము కాఁపురమున్నవాఁడే తక్కువ సాక్ష్యము గలవాఁడయ్యెను. కావున మేము మా పూర్వుల నడిగిన ప్రశ్నలనే యా యూరి వృద్ధమత్స్యకారుని గూడ ఫోనున నడిగి, ఆయన చెప్పిన నాలుగు తరముల పేళ్ళను వేఱొక పుస్తకమున వ్రాసితిమి. బెంగాలునకుఁ బోవు చేఁపల లారీలు నిలిచిపోయిన దినము లవి. అడిగిన పిదప ఆయన ‘ఇదివఱకు మమ్మును పేళ్ళడిగినవారు పోలీసువారు, అప్పులవారు’ అనిరి.

శుక్రవారము స్త్రీల విషయమునకు. నిజముగాఁ జెప్పవలెనన్నచో నీ వ్యాసము వ్రాయుటకుఁ బ్రేరేఁచిన దీ దినపు పనియే. మన వంశవృక్షములు పురుషవృక్షములు. పెండ్లిలోఁ జెప్పు ప్రవరలో ముత్తాత, తాత, తండ్రి వినఁబడుదురు. తద్దినమున వసురుద్రాదిత్యరూపులుగ నాహ్వానింపఁబడువారును వారే. తర్పణమునఁ దల్లి, నాయనమ్మ, వారి యత్త చోటు చేసికొందురు. అదియుఁ గొడుకును గన్నవారగుటచే. కొడుకులు లేనిదానికి, బాల్యముననే భర్తను గోల్పోయి పుట్టింట బ్రతుకు గడపినదానికి, ఏ పట్టికయందును బంక్తి లేదు.

కొల్లేటి స్థలపురాణ మొకటి యిట స్మరింపఁదగినది. గజపతుల సేన కొల్లేటికోటలో నుండఁగా శత్రువులు సరస్సు నీటిని వదలించి కోటను జేరుటకై ఉప్పుటేటిని ద్రవ్వించిరనియు, కోటలోని సేనాని విజయమును గోరి తన కూఁతును బలియిచ్చెననియు, అందుచే నా కాలువకుఁ బేరంటాళ్ళ కనుమ యను పేరు వచ్చెననియుఁ జెప్పుదురు. ఇది చరిత్రమని మేమనము. కాని కథ నడచిన తీరు చూడుఁడు. వంశము గజపతులది; పదవి సేనానిది; కోటకుఁ బేరున్నది; కాలువకుఁ బేరున్నది. ప్రాణమిచ్చిన పిల్లకు మాత్రము ‘పేరంటాలు’ అను బిరుదమే మిగిలినది. మన యిండ్లలోను జరిగిన దింతియే.

మా తాతగారికి మేనత్త యొకతె యుండెననియు, ఎనిమిదేండ్లకుఁ బెండ్లియై, పదియేండ్లకు వైధవ్యము పొంది, ఏఁబదియేండ్లు మా యింట వంట చేసి మరణించెననియు మా వృద్ధబంధువులలో నిరువురు చెప్పిరి. వంశపటమున నామె లేదు. ఎంత వెదకినను బేరు దొరకలేదు. తుదకుఁ బుష్కరపు పట్టికలో దొరకినది. పండ్రెండేండ్ల కొకసారి గోదావరి పుష్కరమునఁ బిండప్రదానము చేయునప్పుడు తండ్రితాతలకే కాక కారుణ్యపితృవులని మేనత్తలకు, అక్కచెల్లెండ్రకు, కూఁతులకు, అత్తగారికి, గురువునకు, స్నేహితునకుఁ గూడఁ బేరు చెప్పి విడుతురు. ఆ పేళ్ళను మఱచిపోకుండుటకు గృహస్థులు ముందుగాఁ గాగితముపై వ్రాసికొని పోదురు. తద్దినము మఱచినవారిని బుష్కరము జ్ఞాపక ముంచుకొన్నది. పాఠకుల యిండ్లలో నిట్టి పట్టిక యున్నచోఁ బాతకాగిత మని పాఱవేయక భద్రపఱుపవలెనని మనవి.

ఆమె పేరును వంశపటమునఁ జేర్పఁబోఁగా నింటివారిలోఁ గొంద ఱడ్డుచెప్పిరి. ‘తలఁచుకొన్నచో దుఃఖమే కదా, పిల్లలు చదివినచో మన పెద్దల నేమనుకొందురు?’ అనిరి. ఈ యాక్షేపణ తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. పెద్దలు క్రూరులని చాటుటకు మేము పూనుకొనలేదు. వారి కాలమున వితంతువివాహము 1856వ సంవత్సరపు చట్టముచే ధర్మవిరుద్ధము కాకపోయినను లోకమునకు వెఱచి చేయువారు లేకుండిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు వారును, వారి పక్షమువారును బడిన బాధలు తెలిసినవే. రాజమహేంద్రవరము మా యూరికిఁ దొంబదిమైళ్ళయినను లేదు. ఆ వార్త మా యింటికిఁ జేరకయుండదు. వినియు నూరకున్నారు. ఈ యూరకుండుటయే చరిత్రము. దానిని దాఁచినచోఁ బిల్లలకు మన పెద్దలు నిర్దోషులుగాఁ గనఁబడుదురు. కాని సంస్కర్తలు దేనితోఁ బోరాడిరో యర్థముకాదు. ఏ యింటను బాలవితంతువు లేకున్నచో వీరేశలింగముగారికిఁ బనియేమి? ఇంత వాదించిన పిమ్మట మా యింటి పెద్దదిక్కగు అత్తయ్యగారు, ‘వ్రాయి నాయనా, ఆమె చేతి కూడు తిన్నవారిలోఁ గడపటిదానిని నేనే’ అని యనుమతించిరి. పేరు పటమునఁ జేరినది. ఇంటివారి పేళ్ళను బత్రికకెక్కించుట మా యుద్దేశము కాదు. అవి యింటి పుస్తకమున నున్నవి.

కూఁతుల పేళ్ళు వ్రాయుట యిప్పటికిని మనకుఁ బ్రీతిచేఁ గాక చట్టముచే నలవడుచున్నది. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి యమలులోనికి వచ్చిన సవరణచట్టము అవివాహితలగు కూఁతులకు సమష్టికుటుంబపు టాస్తిలో హక్కిచ్చినది. 2005లో నా హక్కు దేశమందలి కూఁతుల కందఱకుఁ గలిగినది. అటుపిమ్మట కుటుంబసభ్యుల పట్టికలలోఁ గూఁతులు కనఁబడఁజొచ్చిరి. హక్కు గలవారికే పేరు నిలుచునన్న మాట సత్యమైనచోఁ బేరు నిలుపుటయు నొక హక్కే.

శనివారము వినోదములకు. అవియుఁ జరిత్రమునకు దూరములు కావు. మాకుఁ దపాలాబిళ్ళలు సేకరించు నలవాటు గలదు. పాత కార్డులు చాలవఱకు ‘క్షేమము, మీ క్షేమము వ్రాయవలెను’ అను మాటలతోనే ముగియును, తేదీ యుండదు. కాని తపాలా ముద్రయం దూరును, దినమును నుండును. పిల్లలు బిళ్ళలను నీటిలో నానవైచి యూడఁదీయుటకు రాఁగా వారించి, కార్డు కార్డుగానే యుంచవలెనని నేర్పితిమి. మిగిలిన ప్రొద్దు పెరటిలో బచ్చలిపాదుకు నీళ్ళు, సాయంకాలము అత్తయ్యగారు పాడిన మంగళహారతులను, అప్పగింతలపాటలను వ్రాసికొనుట. ఆడువారి చరిత్ర మధికభాగము కాగితమున లేదు, గొంతునం దున్నది.

ఆదివారము శుద్ధప్రతి వ్రాసి, ఇంటిల్లిపాదికిఁ జదివి వినిపించుట. విన్నవా రాక్షేపించినచో నాక్షేపణమును గూడఁ బ్రక్కన వ్రాసితిమి. పెద్దలు మంత్రులమనియు, ఫలానా రాజు వద్ద దానములు పొందితిమనియుఁ జెప్పుకొను మాటలను ‘వినికిడి’ అను శీర్షికక్రిందనే యుంచితిమి. కులగౌరవమును బెంచుకొనుటకై వ్రాసిన వంశచరిత్రము పొగడ్తయగును గాని చరిత్రము కాదు.

ఈ పనికి మాకుఁ దీఱిక దొరకినది గాని యందఱకును దొరకలేదు. మేము పాతకాగితములు విప్పుచున్న దినములలోనే పిల్లల నెత్తుకొని వందల మైళ్ళు జాతీయమార్గమునఁ గాలినడకను బోయిన కూలివా రుండిరి. వంశములు గానముచేసి యూరూరఁ దిరుగు పిచ్చుకుంట్లవారి వంటివారికి నూళ్ళ దారులే మూసికొనిపోయినవి. ఇతరుల పూర్వుల పేళ్ళు కంఠస్థముగాఁ గలవారికిఁ గూడు కఱవైన కాలమును మన చరిత్రములలో మనమే వ్రాయవలెను.

గడచినదానిని వెదకుటతోఁ బని ముగియదు. 2020 డిసెంబరు మొదటివారమున ఏలూరునందు ఐదువందలకు మించిన జనులు మూర్ఛలతో నాసుపత్రులఁ జేరిరి. నీటియందో యాహారమునందో సీసము, క్రిమిసంహారకములు కలిసెనని పరిశోధకులు శంకించిరి. ఆ వారమున మీ యింట నేనీరు త్రాగితిరి, ఎవరికి జబ్బుచేసెను, మీ వీథిలో నేమనుకొనిరి యనునది యే యింటనైన వ్రాయఁబడియున్నదా? ఏఁబదియేండ్ల పిమ్మట వెదకువాఁ డెవరి నడుగును?

కాఁబట్టి పాఠకగృహములకు మా సూచన యిది. ఒక గట్టియట్ట పుస్తకము కొనుఁడు. ప్రతివ్యక్తికి నొక్కపుట. పేరు, పుట్టినయూరు, తెలుఁగు తిథియు నింగ్లీషు తేదియు రెండును, తల్లి పుట్టినింటిపేరు, చదువు, వృత్తి, వ్యాధి, అప్పు. కూఁతునకుఁ గొడుకున కెంతపుటయో యంతపుట. ఇంట పనిచేసినవారికిని బుట. తెలిసిన దెవరివలనఁ దెలిసినదో ప్రక్కన వ్రాయుఁడు. మొదటి పుటను ఇంటిలోని ముసలమ్మ నడిగి యామె మాటలతోనే నింపుఁడు. ఆమె పిదప నడుగుట కెవరు నుండరు.